అక్క వదిలి వెళ్లిన టెక్సస్ ఖనిజ హక్కు: లీజు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాలా?

తార్నాక పెన్షనర్ | ఏప్రిల్ 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విద్యుత్ శాఖ లెక్కల విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితాలంటే నాకు భయం లేదు. అయినా ఒక కాగితం నాలుగు రోజులుగా నా నిద్ర పాడుచేస్తోంది.

మా అక్క టెక్సస్‌లో పిల్లల డాక్టరు. బావగారు ముందే పోయారు, వాళ్లకు పిల్లలు లేరు. 2022లో అక్క కూడా పోయింది. వీలునామాలో నాకు రాసినవాటిలో ఒకటి, పశ్చిమ టెక్సస్‌లోని రీవ్స్ కౌంటీలో 80 ఎకరాల ఖనిజ హక్కు. నేల కాదు, జాగ్రత్తగా చదవండి. నేల ఎవరో పశువుల ఆసామిది. దాని కింద ఉన్న చమురు, గ్యాసు మాత్రం మావి. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికే నాకు ఆరు నెలలు పట్టింది. పట్టాదారు పాస్‌బుక్కు లేదు, చుట్టూ కంచె వేసుకోవడానికి లేదు, వెళ్లి చూసినా కనిపించేది పరాయివాడి ఆవులే.

అక్క 2021 మే 10న ఒక చమురు కంపెనీకి మూడేళ్లకు లీజు ఇచ్చింది. రాయల్టీ, అంటే అమ్మిన చమురు, గ్యాసు డబ్బులో మా వాటా, ఐదో వంతు. 2024లో కంపెనీ కొంత డబ్బు పంపి, 'లీజు ఇంకో రెండేళ్లు పొడిగించుకున్నాం' అని ఉత్తరం రాసింది. నా సంతకం అడగలేదు. అడక్కుండా ఎలా పొడిగించారని నేనూ అడగలేదు, డబ్బు వచ్చింది కదా అని ఊరుకున్నాను. పోయిన దసరా నుంచి నెలనెలా రాయల్టీ చెక్కులు కూడా వస్తున్నాయి. ఒకసారి 2,300 డాలర్లు, ఒకసారి 1,900.

ఇప్పుడు కొరియర్‌లో ఆరు పేజీల కాగితం వచ్చింది. పైన 'సవరణ, పొడిగింపు' అని ఉంది. ఇంకో ఏడాది గడువు ఇస్తే ఎకరానికి 500 డాలర్ల చొప్పున మొత్తం 25,000 డాలర్లు ఇస్తారట. ఏప్రిల్ 20లోగా నోటరీ ముందు సంతకం పెట్టి పంపమన్నారు. మా ఆవిడ దాన్ని దేవుడి గదిలో పసుపు డబ్బా కింద పెట్టింది. మొదటి పేజీకి ఇప్పటికే కుంకుమ అంటింది. డాలస్‌లో ఉన్న మేనల్లుడు 'అందరూ పెడతారు మామయ్యా, పెట్టేయండి' అంటున్నాడు.

నా సందేహం చిన్నది. మూడేళ్ల లీజు ఐదేళ్లయింది, ఇప్పుడు ఆరేళ్లు అవుతానంటోంది. అసలు ఈ చమురు లీజులు ఎలా పొడిగిస్తారు? నేను సంతకం పెట్టకపోతే లీజు దానంతట అదే పోతుందా, లేక రద్దు చేస్తున్నానని నేను నోటీసు ఇవ్వాలా?

లాభం ముఖ్యం | ఏప్రిల్ 6, రాత్రి 9:31

ఇరవై లక్షల పైచిలుకు ఇంటికి నడిచి వస్తుంటే ఇంత ఆలోచనా? పెట్టేయండి సార్. మీరు చూడని నేల, మీరు తవ్వలేని చమురు.

రాత్రిపాళీ | ఏప్రిల్ 7, ఉదయం 6:40

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను, నిద్రకు ముందు రాస్తున్నాను. తార్నాక పెన్షనర్ గారూ, దయచేసి ఆ కాగితాన్ని పసుపు డబ్బా కిందే ఉండనివ్వండి. సంతకం వద్దు అనడం లేదు. ఇప్పుడే వద్దు అంటున్నాను.

నేను చేసే పని ఇదే. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో పదకొండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని అమెరికా చమురు లీజులు చదువుతాను. ఏ లీజు ఏ తేదీన చస్తుంది, ఏది బతికే ఉంది, ఎవరికి ఎప్పుడు డబ్బు పంపాలి అని పట్టికల్లో ఎక్కిస్తాను. అంటే బల్లకు అవతలి పక్క మనిషిని. నేను లాయరును కాను, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మన కౌలుతో పోల్చి చూడండి. ఇక్కడ ఏడాది కౌలుకిస్తే ఏడాదికి ముగుస్తుంది. చమురు లీజుకు మాత్రం రెండు ప్రాణాలు. మొదటిది క్యాలెండరు ప్రాణం, దాన్ని ప్రాథమిక గడువు అంటాం. మీ అక్కగారు ఇచ్చిన మూడేళ్లు అదే. రెండోది బావి ప్రాణం. దాదాపు ప్రతి లీజులోనూ గడువు చెప్పే పేరా చివర 'ఆ తరువాత చమురు గాని గ్యాసు గాని ఉత్పత్తి అవుతున్నంత కాలం' అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఆ ఒక్క మాట మీద లీజు యాభై ఏళ్లు నడిచినా నడుస్తుంది. కౌలుదారు 'నా పైరు చేలో ఉన్నంత కాలం కౌలు నాదే' అంటే ఎలా ఉంటుందో అలా. మా పట్టికల్లో అలాంటి లీజు పక్కన హెచ్‌బీపీ అని మూడక్షరాలు వేస్తాం. ఉత్పత్తి పట్టి ఉంచిన లీజు అని అర్థం. ఆ అక్షరాలు పడ్డాక మేము ఆ లీజు గడువు తేదీ వైపు మళ్లీ చూడం.

ఇక పొడిగింపు. ఇది మూడు రకాలుగా జరుగుతుంది, మూడూ ఒకటి కావు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

2024లో జరిగింది మొదటి రకం. లీజులోనే 'మూడేళ్లు ముగిసేలోగా ఎకరానికి ఇంత చెల్లిస్తే మరో రెండేళ్లు' అని ఒక వీలు రాసి ఉంటుంది. మీ అక్కగారు 2021లోనే దానికి ఒప్పుకున్నారు కాబట్టి మిమ్మల్ని అడగాల్సిన పని వాళ్లకు లేదు. డబ్బు గడువులోగా అందితే చాలు. ఒక్క రోజు దాటితే ఆ వీలు పోతుంది. మా ఆఫీసులో ఇలాంటి చెల్లింపుల తేదీలకు తొంభై రోజుల ముందు నుంచి కంప్యూటర్ ఎర్రగా మెరుస్తూ ఉంటుంది.

రెండోది పని వల్ల జరిగే పొడిగింపు. గడువు ముగిసే రోజుకు ఆ నేల మీద బోరు వేసే రిగ్గు తిరుగుతుంటే, పని ఆగనంత కాలం లీజు ఆగదు. మధ్యలో ఎన్ని రోజుల విరామం ఉండవచ్చో లీజులోనే ఉంటుంది, అరవైయో తొంభైయో. బోరు వేయడమే కానక్కర్లేదు, లీజులోని మాటలను బట్టి రిగ్గు కోసం దారి వేయడం, నేల చదును చేయడం కూడా పని మొదలైనట్లే అని టెక్సస్ కోర్టులు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. చమురు పడ్డాక ఉత్పత్తి పట్టుకుంటుంది. గ్యాసు బావి సిద్ధమై, తీసుకెళ్లే పైపులైను లేక మూత వేస్తే, ఏడాదికింత అని నామమాత్రపు రుసుము కట్టి లీజును బతికించుకునే క్లాజు కూడా చాలా లీజుల్లో ఉంటుంది. బావి కారుతోంది, చుక్క పడుతోంది అంటే సరిపోదు, నడపడానికి అయ్యే ఖర్చు పోను లాభం మిగలాలి. అయితే ఆ లాభాన్ని ఏ ఒక్క నెలకో లెక్కించరు. వివేకమున్న నిర్వాహకుడు లాభం ఆశించి ఆ బావిని నడుపుతూ ఉండేవాడా అని చూస్తారు. 1959లో క్లిఫ్టన్, కూంట్జ్ మధ్య జరిగిన కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఇది, ఇప్పటికీ అదే వాడుతున్నారు.

మూడోది మీ చేతిలో ఉన్న కాగితం. పాత లీజులో లేని గడువును కొత్తగా ఇమ్మని అడగడం. దీనికి మీ సంతకం తప్పనిసరి. ఇప్పుడు ఆలోచించండి, అడిగే అవసరం వాళ్లకు ఎందుకు వచ్చింది? మొదటి వీలు 2024లోనే ఖర్చయిపోయింది. రెండోది మే 10లోగా అయ్యేలా లేదు, రిగ్గు ఖాళీ లేదో, డబ్బు ఖాళీ లేదో. అందుకే మూడో తలుపు తడుతున్నారు. ఆ తలుపు గొళ్లెం మీ వైపు ఉంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు: నోటీసు అక్కర్లేదు. టెక్సస్‌లో గడువు తీరి, పట్టి ఉంచే ఉత్పత్తి గాని పని గాని లేకపోతే లీజు దానంతట అదే చస్తుంది. చచ్చిన లీజును మళ్లీ బతికించగలిగేది సాధారణంగా మీ సంతకమే. మే 10 తరువాత 'ధ్రువీకరణ' అని ఏ చిన్న కాగితం వచ్చినా, అందులో 'ఇందుమూలంగా మళ్లీ లీజుకిస్తున్నాను' వంటి మాట ఉంటే లీజు లేచి కూర్చునే ప్రమాదం ఉంది.

ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఎకరానికి 500 చొప్పున 25,000 అంటే 50 ఎకరాలకే. మీకున్నవి 80. మిగతా 30 ఎకరాలు ఏమయ్యాయి? కంపెనీ లెక్కల గుమాస్తా పొరపాటు పడ్డాడని అనుకోను, ఆ గుమాస్తా నాలాంటిదే అయి ఉంటుంది. రాయల్టీ చెక్కుతో వచ్చే చీటీలో ఆ బావి ఆదాయంలో మీ వాటా ఎంతో చెప్పే పొడవాటి దశాంశ సంఖ్య ఒకటి ఉంటుంది, అది రాయండి. పూలింగ్ జరిగిందేమో, అంటే పక్కపక్క భూముల్ని ఒక బావి కోసం ఒకే యూనిట్టుగా కలిపారేమో, అది ఎన్ని ఎకరాల యూనిట్టో కూడా కనుక్కోండి. ఆ పత్రం కౌంటీ గుమాస్తా ఆఫీసులో నమోదై ఉంటుంది. బావుల పటం, నెలవారీ ఉత్పత్తి అయితే టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పేరు చూసి కంగారు పడకండి, రైళ్లతో దానికున్న ఆఖరి పని కూడా 2005లో వేరే శాఖకు వెళ్లిపోయింది. ఇప్పుడు దాని ముఖ్యమైన పని చమురు, గ్యాసే.

మియాపూర్ మామయ్య | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:15

రాత్రిపాళీ గారు చెప్పింది నా నెత్తిన జరిగింది కాబట్టి రాస్తున్నాను. 2008లో మేము ఫోర్ట్‌వర్త్‌లో ఉండేవాళ్లం. అక్కడి బార్నెట్ షేల్ అనే రాతి పొరలోని గ్యాసు జోరు మీదున్న రోజులు. ఆ వేసవిలో లీజు మీద సంతకం పెట్టినందుకు ఇచ్చే బోనస్ ఎకరానికి పాతికవేల డాలర్ల దాకా పలికింది. మా కాలనీవాళ్లందరం కలిసి బేరమాడాం. నా ఇంటి స్థలం ఎకరంలో ఐదో వంతు కూడా లేదు, అయినా వచ్చిన చెక్కుతో మా అబ్బాయి కాలేజీలో ఒక సెమిస్టరు గడిచింది. మూడేళ్ల లీజే కదా, అయిపోయాక మళ్లీ బోనస్ తీసుకోవచ్చని మా అందరి లెక్క.

మూడేళ్లు కాకముందే కొంత దూరం అవతల ఒక స్థలంలో బావి వేశారు. అడ్డంగా వెళ్లే బావి, మా కాలనీ కిందుగా పోయింది. మా స్థలాలన్నీ ఒక యూనిట్టులో కలిపేశారు. నా పెరట్లో గడ్డిపరక కదల్లేదు, లీజు మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. ఇల్లు అమ్మినప్పుడు ఖనిజ హక్కు ఉంచుకున్నాను. పోయిన నెల వచ్చింది 11 డాలర్లు. బ్యాంకులో వేస్తే విదేశీ చెక్కు రుసుము కింద అంతకన్నా ఎక్కువ పోతుంది. అందుకని ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాను.

అంతర్వేది గాలి | ఏప్రిల్ 7, రాత్రి 10:02

ఈ చర్చ చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మాది కోనసీమ, ఇప్పుడు కూకట్‌పల్లి. మా తాతగారి కొబ్బరితోటలో ఎకరంన్నర చమురు సంస్థ బావి కోసం తీసుకుంది. వచ్చింది ఏమిటి? నేలకు ఏటా అద్దె, నరికిన చెట్టుకింత పరిహారం. రాయల్టీ అనే మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. మన దగ్గర చమురు, గ్యాసు రైతువి కావు. ఒడ్డు మీద అయితే రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళుతుంది. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం, దాని కింద చేసిన నియమాలు, లీజులు, అంతా ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య వ్యవహారం. పొడిగింపు అర్జీ కూడా ప్రభుత్వానికే. మా ఎస్.యానాం తీరం ఎదురుగా ఉన్న రవ్వ చమురు క్షేత్రమే చూడండి. 1994 అక్టోబరులో పాతికేళ్లకు ఒప్పందం జరిగింది, 2019లో ముగియాల్సింది, పదేళ్లు పొడిగించారు. ఎవరి దేవుడి గదికీ కొరియర్ రాలేదు.

1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. నేను ఏడో తరగతి. రాత్రిళ్లు ఆకాశం నారింజ రంగులో ఉండేది, మా నాయనమ్మ లాంతరు వెలిగించడం మానేసింది. కింద ఉన్నది మనది కాకపోయినా పైకొచ్చిన మంట మాత్రం మనదే. క్షమించండి, అసలు విషయం నుంచి పక్కకు వెళ్లాను. పెన్షనర్ గారూ, మీ చేతిలో ఉన్న హక్కు మాలాంటివాళ్లకు ఊహకు కూడా అందదు. తొందరపడి వదులుకోకండి.

తార్నాక పెన్షనర్ | ఏప్రిల్ 11, సాయంత్రం 5:20

అందరికీ కృతజ్ఞతలు. రాత్రిపాళీ గారూ, మీరు అడిగినవి తెచ్చాను. మేనల్లుడు మొదట విసుక్కున్నాడు, తరువాత వాడికే ఆసక్తి పుట్టి కౌంటీ రికార్డులు తవ్వి తీశాడు.

చెక్కు చీటీలో సంఖ్య 0.0046875. పోయిన ఏడాది మార్చిలో పూలింగ్ పత్రం నమోదైంది, యూనిట్టు 1,280 ఎకరాలు. బావి మా ఎనభై ఎకరాల్లో లేదు, పక్క భూమి ముక్కలో మొదలై యూనిట్టు గుండా పోతుంది.

అసలు లీజు మళ్లీ మొదటి నుంచి చదివాను. అచ్చు కాగితం మూడు పేజీలు, వెనక అనుబంధం అని టైపు చేసిన రెండు పేజీలు. అనుబంధంలో 14వ పేరా ఇలా ఉంది, నాకు తోచిన తెలుగులో: 'ప్రాథమిక గడువు ముగిసినప్పుడు, పూల్ చేసిన యూనిట్టులో చేరని భూముల విషయంలో ఈ లీజు ముగుస్తుంది, పైన ఏ క్లాజులో ఏమి ఉన్నప్పటికీ.' ఆ పేరా పక్కన అక్క తన పొట్టి సంతకం చేసింది. మందుల చీటీల మీద చేసేదే, చివర తోక వెనక్కి తిరిగి ఉంటుంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు కొత్త కాగితం. మొదటి రెండు పేజీల్లో గడువు, డబ్బు. నాలుగో పేజీలో 'లీజును యథాతథంగా ధ్రువీకరిస్తున్నాను' అని ఉంది. దాని తరువాతి వాక్యం: 'అనుబంధంలోని 14వ పేరా తొలగించడమైనది.' అంతే, ఒకటిన్నర వరుస. ఇది మామూలుగా ఉండేదేనా?

రాత్రిపాళీ | ఏప్రిల్ 12, ఉదయం 7:05

ముందు లెక్క. మీ రాయల్టీ ఐదో వంతు, అంటే 0.20. 0.0046875ను 0.20తో భాగిస్తే 0.0234375. దాన్ని 1,280తో గుణించండి. సరిగ్గా 30. దొరికాయి మీ ముప్పై ఎకరాలు. అవి యూనిట్టులో ఉన్నాయి, బావి వాటిని పట్టి ఉంచింది. బావి మీ నేలలో లేకపోయినా ఫరవాలేదు, పూలింగ్ అంటే అదే, మియాపూర్ మామయ్య గారి ఫ్రిజ్ మీద ఉన్నదీ అదే. వాటికి పొడిగింపు అక్కర్లేదు కాబట్టే వాటికి డబ్బు ఇవ్వడం లేదు. మిగిలిన 50 ఎకరాలు మే 10న జారిపోతాయి. జారనివ్వకుండా వాటిని కొనుక్కుంటున్నారు.

అవి జారిపోవడానికి కారణం మీ అక్కగారి 14వ పేరా. దీన్ని మేము ప్యూ క్లాజు అంటాం. 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, లూసియానాలోని క్రౌలీ పట్టణంలో లారెన్స్ ప్యూ అనే లాయరు దీన్ని రాశాడు, ఆయన పేరే స్థిరపడింది. అది లేని లీజులో యూనిట్టులోకి ఒక్క ఎకరం వెళ్లినా చాలు, ఆ బావి నడిచినంత కాలం లీజులోని భూమి అంతా బందీ. అచ్చు కాగితంలో ఈ క్లాజు సాధారణంగా ఉండదు. అడిగి, పోట్లాడి, టైపు చేయించి చేర్పించుకోవాలి. పిల్లల డాక్టరు అయి ఉండి ఆవిడకు ఇది ఎవరు చెప్పారో గాని, మా టీములో కొత్తగా చేరినవాళ్లకు చూపించదగ్గ అనుబంధం అది.

ఇప్పుడు ఆ ఒకటిన్నర వరుస. మీరు సంతకం పెడితే ఏడాది గడువు ఇస్తున్నానని అనుకుంటారు. నిజానికి 14వ పేరా పోయిన క్షణం నుంచి యూనిట్టులోని 30 ఎకరాలే మిగతా 50నీ పట్టి ఉంచుతాయి. ఏడాది తరువాత ఏమీ ముగియదు. వాళ్లు ఇంకొక్క బావి వేయకపోయినా సరే, పాత బావి లాభంలో నడిచినంత కాలం. అంటే ఏడాదికి అద్దె కడుతున్నట్టు కనిపిస్తూ, ఎన్నేళ్లో తెలియని కాలాన్ని తీసుకుంటున్నారు. 25,000 దానికి తగ్గ ధర కాదు. మామూలుగా ఉండేదేనా అని అడిగారు. ఉంటుంది. నేనే ఎన్నోసార్లు చూశాను. పట్టికలో 'పేరా 14 తొలగింపు: అవును' అని గడి నింపి తరువాతి ఫైలుకు వెళ్లిపోయాను. ఆ గడికి అవతల తార్నాకలో ఎవరో ఉంటారని ఎప్పుడూ తట్టలేదు.

ఏం చేయాలి? టెక్సస్‌లో చమురు, గ్యాసు వ్యవహారాలు చూసే లాయరుకు ఒక గంట ఫీజు ఇచ్చి ఈ రెండు కాగితాలూ చూపించండి, అంతకు మించి నేను చెప్పకూడదు. మీకు ఇష్టమైతే 50 ఎకరాలకు ఏడాది ఇవ్వవచ్చు, 14వ పేరా ఉండాలనే షరతుతో. లేదా ఊరుకోవచ్చు. ఏప్రిల్ 20 అనేది వాళ్లు పెట్టుకున్న తేదీ. లీజులో ఉన్న తేదీ మే 10 ఒక్కటే. ఈలోగా మేనల్లుడిని రైల్‌రోడ్ కమిషన్ సైటులో వారానికి రెండుసార్లు డ్రిల్లింగ్ పర్మిట్లు చూడమనండి. ఆ యాభై ఎకరాల మీద హడావుడిగా రిగ్గు దిగితే కథ మారుతుంది.

పెద్ద కంపెనీలు తేదీల్లో తప్పు చేయవు అనుకోకండి. మీ రీవ్స్ పక్కనే ఉన్న లవింగ్ కౌంటీలో ఒక కంపెనీ తన లీజుల గడువును పొరపాటుగా లెక్కకట్టి, 2017 మే 21న ముగిసేదాన్ని జూన్ దాకా ఉందనుకుని, రిగ్గును జూన్ 2కు పెట్టుకుంది. తరువాత ఇంకోచోట బోరులో వచ్చిన ముప్పై గంటల ఆలస్యాన్ని చూపించి, అది మా చేతుల్లో లేని విపత్తు అని వాదించింది. 2023లో టెక్సస్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గడువు దాటాక పెట్టుకున్న పనికి ఆలస్యం వల్ల గడువు తప్పింది అనడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు వచ్చిన వారం మా ఆఫీసులో ప్రతి తేదీనీ ఇద్దరేసి చూడమన్నారు, ఇరానీ చాయ్ కూడా ఉచితంగా ఇచ్చారు.

పన్ను సంగతి మీ సి.ఏ.తో మాట్లాడండి. అమెరికాలో నివాసం లేనివారికి పంపే రాయల్టీలో మామూలుగా 30 శాతం అక్కడే పట్టుకుంటారు, దాన్ని ఎలా దాఖలు చేయాలన్నది వేరే విద్య.

లాభం ముఖ్యం | ఏప్రిల్ 12, ఉదయం 9:48

నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. అయినా 25,000 పోతుందేమోనని నాకే బెంగగా ఉంది.

తార్నాక పెన్షనర్ | మే 14, రాత్రి 8:30

జరిగింది చెప్పాలి కదా. మేనల్లుడు మిడ్‌ల్యాండ్‌లో ఒక లాయరమ్మను చూశాడు. ఆవిడ గంటకు తీసుకున్న ఫీజు చెప్పను, మా ఆవిడ ఈ చర్చ చదువుతోంది. 'ఏడాది ఇస్తాం, 50 ఎకరాలకే, 14వ పేరా జోలికి రాకూడదు' అని మా తరఫున రాసింది. కంపెనీ నుంచి ఫోను వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడిన అబ్బాయి 14వ పేరా తీయడం 'కేవలం ఫైళ్ల సౌలభ్యం కోసం' అన్నాడు. అయితే ఉంచితే మీకు నష్టం ఏమిటి బాబూ అని అడిగాను. పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నాడు. చెప్పలేదు.

అక్కడి మే 10 అర్ధరాత్రి మనకు మే 11 ఉదయం 10:30. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, ఎందుకో ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడియారం కింద కూర్చున్నాను. మేనల్లుడు అక్కడ నిద్ర మానుకుని ఆ యాభై ఎకరాల మీద కొత్త పర్మిటు ఏదీ పడలేదని మెసేజ్ పెట్టాడు. 10:30 అయింది. ఏమీ జరగలేదు. కుక్కరు మూడో కూత వేసింది. మా ఆవిడ వంటింట్లోంచి 'పోయిందా పాతిక వేలు?' అంది. పోయిందన్నాను.

యాభై ఎకరాలు వదిలినట్లు రిలీజు పత్రం రాసి కౌంటీలో నమోదు చేయమని లాయరమ్మ వాళ్లకు ఉత్తరం పంపింది. ముప్పై ఎకరాల చెక్కు మామూలుగానే వచ్చింది, ఈసారి 1,740.

ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ కొరియర్. అదే కంపెనీ. ఆ యాభై ఎకరాలకు సరికొత్త లీజు, మూడేళ్లకు. బోనస్ ఇంతకు ముందు ఇస్తానన్న దానికి మూడింతలు పైనే. మా ఆవిడ పసుపు డబ్బా వైపు చూసింది, నేను కళ్లద్దాలు తెచ్చుకున్నాను. అనుబంధం తెరిచి పేరాలు లెక్కపెట్టాను. 13 తరువాత 15 ఉంది.

రాత్రిపాళీ | మే 15, ఉదయం 6:52

15వ పేరా ఫొటో తీసి పెట్టండి. పడుకునే ముందు చూస్తాను.